కొత్త లివర్‌లోకి పాత వైరస్ ఎలా వచ్చింది?

ప్రశ్న: మా ఆయనకి 52 ఏళ్లు. హెపటైటిస్ సి వల్ల లివర్ పూర్తిగా పాడైపోయి నాలుగు నెలల క్రితం ట్రాన్స్‌ప్లాంట్ చేయించాం. మా తమ్ముడు తన లివర్‌లో భాగం ఇచ్చాడు. అంతకుముందు వైరస్ పోవడానికి సోఫోస్‌బువిర్, డక్లటాస్‌విర్ మాత్రలు మొదలుపెట్టారు గానీ, మూడో వారంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పరిస్థితి సీరియస్ అవడంతో ఆపేశారు. తర్వాత రెండు నెలలకి ఆపరేషన్. అప్పటికి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) 3 లక్షలు, జీనోటైప్ (వైరస్ రకం) 3. ఇప్పుడు చూస్తే 84 లక్షలు! ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము 140, బిలిరుబిన్ నార్మల్. డాక్టరు గారు "వైరస్‌లో మ్యుటేషన్ ఉందేమో చూద్దాం" అని ఇంకో రక్త పరీక్ష రాశారు. అంటే వైరస్ మొండిదైపోయిందా? రిజెక్షన్ మాత్రల వల్లే వైరస్ పెరుగుతోందని నెట్‌లో చదివారట, వాటిని తగ్గించేస్తానంటున్నారు మా ఆయన. మా ఆడపడుచేమో "మీ తమ్ముడి లివర్‌లోనే ఏదో ఉండుంటుంది" అంది. ఆ మాట తమ్ముడి దాకా వెళ్లింది. "నేనిచ్చింది వృథా అయిపోయిందా అక్కా" అని ఫోన్‌లో ఏడ్చాడు. ఇంట్లో కంచాలు, గ్లాసులు కూడా వేరు పెట్టారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి. రిజెక్షన్ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్ గానీ, దానితో పాటు ఇచ్చిన మిగతా మందులు గానీ మీ ఆయన సొంతంగా తగ్గించకూడదు. ఈ జవాబు చేరేలోపే తగ్గించేసి ఉంటే దాచొద్దు, ఇవాళే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లకి ఫోన్ చేసి చెప్పండి. తిడితే తిట్టనివ్వండి.

ఆయన చదివిన మాటలో అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. రిజెక్షన్ (ఒళ్లు కొత్త లివర్‌ని పరాయిదనుకుని దాడి చేయడం) రాకుండా ఇచ్చే మందులు ఒంట్లోని రక్షణ వ్యవస్థని జోకొడతాయి, ఆ సందు చూసుకుని వైరస్ పెరుగుతుంది. నిజమే. కానీ వాటిని తగ్గిస్తే రిజెక్షన్ మొదలవుతుంది. దాన్ని ఆపడానికి స్టెరాయిడ్లు పెద్ద డోసుల్లో ఎక్కించాల్సి వస్తుంది. హెపటైటిస్ సి వైరస్‌కి అంతకు మించిన పండగ లేదు. ఇంటర్‌ఫెరాన్ అనే పాత ఇంజెక్షన్ల కాలంలో లివర్ మార్పిడి రోగుల్ని చూసిన డాక్టర్లని ఎవర్ని అడిగినా చెబుతారు, స్టెరాయిడ్ ఎక్కించిన కొద్ది రోజులకే వైరల్ లోడ్ ఎలా ఎగబాకేదో. వైరస్‌ని తుడిచిపెట్టే మందులు వేరే ఉన్నాయి. ఆ పని వాటికి వదిలేసి, లివర్‌ని కాచే మందుల్ని కాయనివ్వాలి.

ఇక మీ తమ్ముడు. మ్యుటేషన్ల కంటే ఈ విషయమే మీ ఇంటిని ఎక్కువ నలిపేస్తోందని ఉత్తరం చదివితే అర్థమవుతోంది. మీ ఆడపడుచు గారిని నేనైతే ఒకే ప్రశ్న అడుగుతాను: ఆపరేషన్‌కి ముందు రిపోర్టులో 3 లక్షలని ఉంది కదా, ఆ రక్తం ఎవరిది?

జరిగింది ఇది. హెపటైటిస్ సి వైరస్ పుట్టి పెరిగే అసలు చోటు లివర్. ఆపరేషన్‌లో ఆ పాత లివర్‌ని తీసేశారు కాబట్టి ఫ్యాక్టరీ పోయింది. కానీ అది అప్పటికే తయారుచేసి వదిలిన సరుకు రక్తంలో తిరుగుతూనే ఉంది. రక్తంలోని వైరస్ సుమారు మూడు గంటల్లో సగానికి పడిపోతుంది. అందుకని పాత లివర్ తీసిన దగ్గర్నుంచి కొన్ని గంటల పాటు వైరల్ లోడ్ తగ్గుతూ వస్తుంది. ఈలోగా కొత్త లివర్‌ని కలిపి రక్తం వదులుతారు. మిగిలి ఉన్న వైరస్ అందులోని కణాల్లోకి ఎక్కేస్తుంది. కొద్ది రోజుల్లోనే లెక్క మళ్లీ పాత స్థాయికి చేరుతుంది. ఆపరేషన్ నాటికి రక్తంలో వైరస్ ఉంటే కొత్త లివర్‌కి అంటుకోవడం దాదాపు ఖాయం. ఆ లివర్ తమ్ముడు ఇచ్చిందా, చనిపోయిన దాత నుంచి తీసుకున్నదా అన్నదానితో సంబంధం లేదు. మీ తమ్ముడికి దాతగా ఒప్పుకునే ముందే హెపటైటిస్ సి పరీక్షలు చేసి ఉంటారు. ఆ ఫైలు ఆస్పత్రిలో ఉంటుంది, కావాలంటే కాపీ అడగండి. వైరస్ ఆయనిచ్చిన లివర్‌లో నుంచి రాలేదు. ఆయనిచ్చిన లివర్‌లోకి వచ్చింది.

మరి ముందే వైరస్‌ని పోగొట్టి ఆపరేషన్ చేయాల్సింది కదా అని మీకు అనిపించొచ్చు. ఆపరేషన్‌కి ముందు 30 రోజులకి పైగా రక్తంలో వైరస్ కనిపించకుండా ఉన్నవాళ్లలో అది తిరిగి రావడం చాలా అరుదు, ఆ మాట నిజం. మీ డాక్టర్లు ప్రయత్నించారు కూడా. మధ్యలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పడింది. లివర్ అంతగా చెడ్డ మనిషికి అలాంటప్పుడు ముందు ప్రాణం నిలబెట్టి, వైరస్ పని తర్వాత చూద్దామనుకోవడం తప్పుడు నిర్ణయం కాదు. జబ్బు బాగా ముదిరిన వాళ్లలో చాలాచోట్ల కావాలనే వైరస్ చికిత్సని ఆపరేషన్ తర్వాతకి వాయిదా వేస్తారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. వైరస్ మొండిదైపోయిందా?

తాళపత్ర గ్రంథాలకి ప్రతులు ఎత్తిరాసే రోజులు గుర్తు తెచ్చుకోండి. రాసినవాడు ఎంత శ్రద్ధపరుడైనా ఎక్కడో ఒక అక్షరం జారేది. ఆ ప్రతిని చూసి ఇంకొకడు రాసేవాడు, పాత తప్పుకి తన తప్పొకటి కలిపేవాడు. అలా ఒకే కావ్యానికి బోలెడు పాఠాంతరాలు పుట్టాయి. హెపటైటిస్ సి వైరస్ కూడా సుమారు 9,600 అక్షరాల చిన్న గ్రంథం. దాన్ని ఎత్తిరాసే ఎంజైముకి రాసింది ఒకసారి సరిచూసుకునే అలవాటు లేదు. పది వేల నుంచి లక్ష అక్షరాలకి ఒక తప్పు చొప్పున దొర్లిస్తూ పోతుంది. పైగా జబ్బు ముదిరిన మనిషి ఒంట్లో ఇది రోజుకి లక్ష కోట్ల ప్రతుల దాకా తయారవుతుంది. ఏ ఒక్క అక్షరం మారి పుట్టగల వైరస్ అయినా రోజుకి ఎన్నోసార్లు పుడుతూనే ఉంటుందన్న మాట. అందులో చాలా భాగం చెల్లని ప్రతులే, పుట్టగానే పోతాయి. మిగతావి కలిసి మందగా బతుకుతాయి. మీ ఆయన ఒంట్లో ఏనాడూ "ఒక వైరస్" లేదు, దగ్గర చుట్టాలైన వైరస్‌ల మంద ఉంది. దీన్నే డాక్టర్లు క్వాసీస్పీసీస్ అంటారు. కాబట్టి మ్యుటేషన్ అనే మాట వింటే టెన్షన్ పడకండి. మొన్న కొత్తగా వచ్చి పడిన ఉపద్రవం కాదది. ఆయనకి జబ్బు తగిలిన రోజు నుంచీ జరుగుతున్నదే.

జీనోటైప్ అన్నది వేరే లెక్క. అది గ్రంథమే వేరు. ఇప్పటిదాకా 8 జీనోటైపులు గుర్తించారు. ఎనిమిదోది 2018లో బయటపడింది. ఒకదానికీ ఇంకోదానికీ సుమారు 30 శాతం అక్షరాలు తేడాగా ఉంటాయి. రెండు మూడేళ్లలో 1 కాస్తా 3 అయిపోవడం లాంటిది జరగదు. ఆయనకి అప్పుడు 3 వచ్చింది. ఇప్పుడు మళ్లీ చేయించినప్పుడు కూడా 3 వస్తే మీ తమ్ముడి మీద పడ్డ అనుమానానికి అది ఇంకో సమాధానం. పాఠాలు పరిష్కరించే పండితులు ఉమ్మడి తప్పుల్ని బట్టి ఏ ప్రతి దేన్ని చూసి రాసిందో పట్టేసినట్టే, జన్యు అక్షరాలు చదివి ఈ వైరస్ ఆ వైరస్ సంతానమే అని ల్యాబులో తేల్చే వీలుంది. అయితే ఇంట్లో పంచాయితీ తీర్చడం కోసం మాత్రం ఆ పరీక్ష చేయించకండి. పాత రిపోర్టు చాలు.

ఆపరేషన్ సమయంలో ఈ మందకి ఒక విచిత్రం జరుగుతుంది. రక్తంలో మిగిలిన పాఠాంతరాలన్నీ కొత్త లివర్‌లో స్థిరపడవు. ఇరుకు ద్వారం గుండా కొన్నే దూరతాయి. ఎవరు దూరతారని శాస్త్రవేత్తలు ఆపరేషన్‌కి ముందూ తర్వాతా రక్తం తీసి పోల్చి చూశారు. లివర్ కణంలోకి చురుగ్గా ఎక్కగలిగినవీ, రోగి రక్తంలోని యాంటీబాడీల కన్నుగప్పగలిగినవీ ముందు పాదం మోపుతున్నాయని తేలింది. వైరస్ పైతొడుగులో ఇ2 అనే ప్రొటీన్ చివర 27 అమైనో ఆమ్లాల ముక్క ఒకటుంది. తరచూ వేషం మార్చేది ముఖ్యంగా అదే. యాంటీబాడీలు ఒక వేషాన్ని గుర్తుపట్టేసరికి అది ఇంకో వేషంలో ఉంటుంది. హెపటైటిస్ సికి ఇంతవరకూ టీకా లేకపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. హెపటైటిస్ బి రోగులకి మార్పిడి సమయంలో యాంటీబాడీ ఇంజెక్షన్లు ఇచ్చి కొత్త లివర్‌ని కాపాడగలుగుతున్నారు. అదే ఉపాయం హెపటైటిస్ సి మీద ప్రయత్నిస్తే పారలేదు.

ఇక్కడ ఒక గీత గీయాలి. పైతొడుగులో జరిగే ఈ మార్పులకీ మాత్రలు పనిచేయడానికీ సంబంధం లేదు. మాత్రలు కొట్టేది వైరస్ లోపలి యంత్రాల్ని. వేషం ఎన్నిసార్లు మార్చినా లోపల ఎత్తిరాసే ఎంజైము అదే.

మరి 3 లక్షలు 84 లక్షలు ఎందుకైంది? కాపలా పలచబడింది కాబట్టి. మార్పిడి తర్వాత వైరల్ లోడ్ ఆపరేషన్‌కి ముందున్న దానికంటే పది, ఇరవై రెట్లు పెరగడం ఎప్పటి నుంచో డాక్టర్లు చూస్తున్నదే. మీ ఆయనకి ఇంకాస్త ఎక్కువే పెరిగింది, అయినా దిమ్మతిరిగే అంకె కాదు. పైగా వైరల్ లోడ్ ఎంత ఎక్కువైతే లివర్ అంత పాడైందని అర్థం చేసుకోకూడదు. ఆ రెండిటికీ అంత సూటి లంకె లేదు. డాక్టర్లు అంతకంటే జాగ్రత్తగా చూసేవి వేరే ఉన్నాయి. కొద్దిమందిలో మార్పిడి జరిగిన తొలి నెలల్లో వైరస్ చాలా ఉధృతమైన రూపం ఎత్తుతుంది. బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ గబగబా పెరిగి కామెర్లు వస్తాయి. దానికి ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి. మీ ఆయనకి బిలిరుబిన్ నార్మల్ అన్నారు కాబట్టి ఇప్పటికి ఆ లక్షణం లేదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, దురద పట్టుకున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

ఎస్‌జీపీటీ 140 వైరస్ వల్లే అని కూడా తేల్చేయకూడదు. రిజెక్షన్ మొదలైనా, పిత్తనాళం అతుకు దగ్గర ఇరుకైనా ఎంజైములు పెరుగుతాయి. స్కాన్, బయాప్సీ అంటే అందుకే భయపడొద్దు. అయితే వైరస్‌నీ రిజెక్షన్‌నీ విడదీయడం మైక్రోస్కోప్ కింద కూడా ఒక్కోసారి తలనొప్పి వ్యవహారమే. రెండు అభిప్రాయాలు వినిపిస్తే ఎవరో తప్పు చేశారనుకోకండి.

ఇక డాక్టరు గారు రాసిన పరీక్ష. ఆయన వెతుకుతున్నది పైతొడుగు మార్పుల్ని కాదు, మందుకి లొంగకుండా చేసే మార్పుల్ని. ఎక్కువగా చూసేది ఎన్‌ఎస్5ఏ అనే ప్రొటీన్‌లో. డక్లటాస్‌విర్ కొట్టేది దాన్నే. అందులో 93వ స్థానంలో టైరోసిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ వచ్చి చేరితే ఆ మందు పట్టు సడలుతుంది. రిపోర్టులో దీన్ని వై93హెచ్ అని రాస్తారు. జీనోటైప్ 3లో డాక్టర్లు దీనికి కాస్త ఎక్కువ విలువే ఇస్తారు. మందు మొదలుపెట్టి మూడు వారాలకే ఆపడం వల్ల, ఆ మందుని తట్టుకున్న పాఠాంతరం ఏదైనా ఉంటే అది బతికి బట్టకట్టి ఉండొచ్చు. పరీక్ష అడగడం వెనక ఆలోచన అదే. నా దృష్టిలో సరైన ఆలోచన.

ఈ మార్పుల్లోనూ రకాలున్నాయి. ఎన్‌ఎస్5ఏ మార్పులు మందు ఆపేశాక కూడా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటి వల్ల వైరస్‌కి పెద్దగా నష్టం లేదు మరి. ప్రొటియేజ్ అనే ఇంకో వైరస్ ఎంజైముని కొట్టే మందులకి లొంగని మార్పులు చాలావరకు కొన్ని నెలల్లో కనుమరుగవుతాయి. ఇక సోఫోస్‌బువిర్ సంగతే వేరు. అది ఎత్తిరాసే ఎంజైము గుండెకాయ మీదే కొడుతుంది. దాన్ని తప్పించుకోవాలంటే వైరస్ ఎస్282టి అనే మార్పు చేసుకోవాలి. అలా చేసుకున్న వైరస్ సరిగ్గా పెరగలేదు. మందు ఆపగానే మామూలు వైరస్ దాన్ని పక్కకి నెట్టేస్తుంది. అందుకే రోగుల్లో అది కనిపించడమే అరుదు. ఎన్ని వేషాలు వేసినా పొట్ట కొట్టుకోకుండా మార్చుకోలేని చోటు ఒకటి వైరస్‌కీ ఉంటుంది. ఇప్పటి వైద్యం నిలబడింది దాని మీదే.

కాబట్టి వై93హెచ్ ఉందని రిపోర్టు వచ్చినా "మందు పనిచేయదు" అని చదువుకోవద్దు. మందుల కలయిక మార్చాలి, లేదా రిబావిరిన్ అనే ఇంకో మందు తోడు చేయాలి, లేదా వారాలు పెంచాలి అని చదువుకోండి. లేదని వస్తే ఇంకా తేలిక. మార్పిడి తర్వాత సోఫోస్‌బువిర్, వెల్‌పటాస్‌విర్ కలిపి 12 వారాలు ఇచ్చిన ఒక అధ్యయనంలో 79 మందిలో 96 శాతానికి వైరస్ పూర్తిగా పోయింది. ఎన్‌ఎస్5ఏ మందు వాడినా వైరస్ పోనివాళ్ల కోసం ఆ రెండిటికీ వోక్సిలాప్రెవిర్ అనే మూడోది జోడించిన మాత్ర ఉంది. పొలారిస్-1 అధ్యయనంలో దానితోనూ 96 శాతం మంది బయటపడ్డారు. వాళ్లు మార్పిడి రోగులు కారని గుర్తుంచుకోవాలి, అయినా ధైర్యం ఇచ్చే అంకె. మీ ఆయన కోర్సు పూర్తి చేసి ఫెయిలవ్వలేదు, అసలు పూర్తి చేయనే లేదు. ఈ తేడా ఏ కొత్త డాక్టర్ని కలిసినా ముందు చెప్పండి. ఏ తేదీన మొదలుపెట్టారు, ఏ తేదీన ఆపారు అన్న కాగితం దగ్గర పెట్టుకోండి.

సోఫోస్‌బువిర్‌కి మొదటి అనుమతి వచ్చింది 2013 డిసెంబరులో. అంతకుముందు ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లకి 48 వారాల ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, జ్వరాలు, రక్తం తగ్గిపోవడం, ఇంతా చేసి ముగ్గురిలో ఒకరికి నయం. చికిత్స అందని వాళ్లలో నాలుగోవంతు మందికి అయిదేళ్లలోపే కొత్త లివర్ కూడా గట్టిపడిపోయేది. మీ ఆయన నెట్‌లో చదివిన భయంకరమైన వ్యాసాల్లో చాలా భాగం ఆ కాలానివే అయి ఉంటాయి. ఈసారి చదివేటప్పుడు ముందు తేదీ చూడమనండి.

మందు ఏదన్నది డాక్టర్లు నిర్ణయిస్తారు. మీరు చేయాల్సింది ఆయన వేసుకునే ప్రతి మాత్రా, పొడీ, కషాయంతో సహా జాబితా రాసి వాళ్ల చేతిలో పెట్టడం. రిజెక్షన్ రాకుండా సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకి వోక్సిలాప్రెవిర్, గ్లెకాప్రెవిర్ లాంటి వైరస్ మందులు రక్తంలో అతిగా పేరుకుంటాయి. టాక్రోలిమస్‌తోనూ లెవెల్ చూసుకుంటూ వెళ్లాలి. ఎసిడిటీకి వేసుకునే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి వెల్‌పటాస్‌విర్‌ని ఒంటికి పట్టనివ్వవు. ఎసిడిటీ మాత్రని మందని కూడా ఎవరూ అనుకోరు, అందుకే చెప్పడం మర్చిపోతారు. గుండె లయకి వాడే అమియోడరోన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్, వీటిలో ఏదున్నా మొదలుపెట్టక ముందే తెలియాలి. హెపటైటిస్ బి పరీక్షలు కూడా చేయించారా అని అడగండి. ఎప్పుడో వచ్చి అణిగిపోయిన బి వైరస్, సి పోతున్నప్పుడు తిరిగి లేవొచ్చు.

కంచాలు, గ్లాసులు కలిపేయండి. ఇది రక్తం ద్వారా అంటుకునే జబ్బు, ఎంగిలి వల్ల రాదు. రేజరు, టూత్‌బ్రష్, గోళ్లు తీసుకునే కట్టర్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి.

చికిత్స మొదలయ్యాక ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. వైరస్ పోతున్న కొద్దీ లివర్ పుంజుకుని టాక్రోలిమస్‌ని ఇంకా వేగంగా ఖర్చు చేస్తుంది. డోసు మారకపోయినా రక్తంలో దాని లెవెల్ పడిపోవచ్చు. వైరస్ పోయిందని సంబరపడే వేళే రిజెక్షన్ తొంగిచూస్తుంది. కాబట్టి ఆ నెలల్లో రక్త పరీక్షలు ఒక్కటి కూడా మానొద్దు. మాత్రలు అయిపోయిన రోజున వైరస్ కనిపించకపోతే మంచిదే, కానీ అది ఫలితం కాదు. ఆ తర్వాత 12 వారాలు ఆగి, రక్తంలో వైరస్ ఉందా అని చూసే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే ఫలితం. అప్పుడు కూడా కనిపించకపోతే ఆ వైరస్ తిరగబెట్టడం బహు అరుదు. బయట నుంచి కొత్తగా అంటుకోకుండా చూసుకోవాలంతే.

ఆ రోజు రిపోర్టులో హెపటైటిస్ సి యాంటీబాడీ అనే చోట "పాజిటివ్" అనే ఉంటుంది. అది ఆయనకి జీవితాంతం అలాగే ఉంటుంది, జబ్బు ఒకప్పుడు వచ్చిందనడానికి గుర్తు మాత్రమే. మీ ఆడపడుచు గారి కన్ను ముందు దాని మీదే పడుతుంది. మీరు కింద ఆర్‌ఎన్‌ఏ ఉన్న వరస చూపించండి. అది చూశాక తమ్ముడికి ఫోన్ చేయండి.